పదకొండో నంబరు బండి

పాత బండ్ల వేలంపాట సోమవారం పది గంటలకి. బండ్లు చూసుకోవడానికి మాత్రం శనివారం ఒక్కపూట గడువిచ్చారు. తలుపులు తీయొచ్చు, లోపల కూర్చోవచ్చు, కిందికి వంగి చూడొచ్చు. తాళం తిప్పడానికి వీల్లేదు. ఆ సంగతి గేటు పక్కన బోర్డు మీద హిందీలోనూ ఇంగ్లీషులోనూ రాసిపెట్టారు. నూకన్నకి ఆ రెండూ చదవడం అంతంత మాత్రం. కాపలా మనిషి చేత రెండుసార్లు చదివించుకుని, నమ్మలేనట్టు అడిగాడు.

"స్టార్ట్ భీ నహీ కర్నే దేంగే, భయ్యా?"

"నహీ చాచా. జైసా హై, వైసా లేనా హై."

ఉన్నదాన్ని ఉన్నట్టు తీసుకోవాలి. తర్వాత ఏమైనా అడగడానికి లేదు.

నూకన్న బోర్డు వైపు ఇంకోసారి చూశాడు. యాభై తొమ్మిదేళ్ల మనిషి. పడుచు వయసులో ఆరేళ్లు చేపల వ్యాపారి దగ్గర వ్యాను నడిపాడు. ఆ తర్వాత ముప్పై ఏళ్లుగా పోర్ట్ బ్లెయిర్ జెట్టీలో వేట పడవల ఇంజన్లు బాగుచేస్తున్నాడు. ఇంజను ఎక్కడ చెడిందో చెవితో పట్టేస్తాడని అక్కడ పేరు. ఇప్పుడు ఆ చెవితో పనిలేని చోటికి వచ్చి నిలబడ్డాడు.

కారు తన కోసం కాదు. కూతురు బేబీరాణి కోసం. ఆమె ఉత్తర కొసన, డిగ్లీపూర్ దాటాక, పొలాల మధ్య ఉన్న పల్లెలో ఉంటుంది. అల్లుడు లక్ష్ముడు దీవుల మధ్య తిరిగే ఓడలో పనిచేస్తాడు. నెలలో ఇరవై రోజులు నీళ్ల మీదే. వాళ్లకి ఒక్కతే పిల్ల, ఆరేళ్ల అమ్మడు. ఆ పిల్లకి మూర్ఛ ఉంది. మందులు వేస్తున్నా రెండు మూడు నెలలకోసారి వస్తూనే ఉంది. మామూలుగా నిమిషం, రెండు నిమిషాల్లో తగ్గిపోతుంది. "ఐదు నిమిషాలు దాటితే మాత్రం ఇంట్లో ఉంచొద్దు, వెంటనే తీసుకొచ్చేయండి" అని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆస్పత్రి పద్నాలుగు కిలోమీటర్లు.

పోయిన వానాకాలంలో ఒక మధ్యాహ్నం అమ్మడు వసారాలో ఆడుకుంటూ పడిపోయింది. ఐదు నిమిషాలు దాటినా కొట్టుకోవడం ఆగలేదు. ఆంబులెన్స్ అంతకు కాసేపటి ముందే ఇంకో ఊరికి పురిటి మనిషి కోసం వెళ్లింది. పక్కింటాయన మోటార్ సైకిల్ తీశాడు. బేబీరాణి పిల్లని గుండెకి అదిమిపట్టుకుని వెనక కూర్చుంది. ఒకటే వాన. దారిలో రెండుసార్లు పిల్ల చేతుల్లోంచి జారబోయింది. ఆస్పత్రికి చేరడానికి నలభై నిమిషాలు పట్టింది. పిల్ల దక్కింది. కానీ మూడు రోజుల పాటు మాట సరిగ్గా రాలేదు. ఫోనులో "తాత" అనబోయి "తా" దగ్గరే ఆగిపోయింది. ఆ రోజే నూకన్న కారు కొనాలని నిర్ణయించుకున్నాడు.

"పాతదైనా పరవానేదు," అంది భార్య ముసలమ్మ. "పిలిసినప్పుడు లెగాలి. అంతే."

అదే అతని భయం. పడవ ఇంజను సముద్రంలో ఆగిపోతే ఇంకో పడవ తాడేసి లాక్కొస్తుంది. పిల్లని పడుకోబెట్టుకుని వెళ్తుంటే ఆ పల్లె దారిలో బండి ఆగిపోతే ఎవరొస్తారు? ఆ బండిని ఏరికోరి కొన్నవాడు తనే అవుతాడు.

మిన్నీ బే వైపు, చుట్టూ గోడ కట్టిన ఖాళీ స్థలంలో పద్నాలుగు బండ్లు వరసగా పెట్టారు. అద్దాల మీద సున్నంతో నంబర్లు. నూకన్న ఒక్కొక్కటే చూసుకుంటూ ఏడో నంబరు దగ్గర ఆగిపోయాడు. తెల్లటి చిన్న కారు. ఎక్కడా గీత లేదు. లోపల కొత్త తివాచీ, మంచి వాసన. తిరిగిన దూరం కూడా తక్కువే. వెంటనే బేబీరాణికి వీడియో కాల్ చేసి చూపించాడు.

"సచ్ మే నాన్నా, ఎంత బాగుందో! ఇదే తీసుకో. ఏసీ కూడా ఉంది కదా, అమ్మడికి గాలాడుతుంది..." బొమ్మ బిగుసుకుపోయి, గొంతు తెగిపోయింది. డిగ్లీపూర్ వైపు సిగ్నల్ ఎప్పుడూ అంతే.

ఫోను జేబులో పెట్టుకుంటుంటే వెనక నుంచి ఎవరో భుజం మీద చెయ్యి వేశారు. బంగారురాజు. పాత బండ్లు కొని అమ్మడం అతని పని. ఇల్లు నూకన్న ఉండే డిగ్నాబాద్‌లోనే, రెండు వీధులవతల. అతని దగ్గర స్కూటర్ కొని ఏడ్చినవాళ్లు ఆ వీధుల్లోనే ఇద్దరున్నారు.

"ఏటి మావా, ఏడు మీద మనసు పడ్డావా?"

"సూత్తన్నాను. బాగానే ఉంది కదా."

రాజు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "దాని జోలికెల్లకు. ఫెర్రీ ఎక్కిత్తంటే రాంప్ మీంచి జారిపోనాది. పూరా మునిగిపోనాది. ఉప్పునీల్లు తాగిన బండి అది."

"నీకెవులు సెప్పారు?"

"నాకు తెలుసు. నీకు బండే కావాలంటే పదకొండు తీసుకో. సూడ్డానికి బాగోదు గానీ, ఇంజన్ పక్కా."

అంతకంటే ఇంకేం చెప్పకుండా వెళ్లిపోయాడు. నూకన్న అక్కడే నిలబడ్డాడు. నిజం చెప్పాడా, లేక మంచి బండి మీద తన కన్ను పడిందా? తనని తప్పించి తక్కువకి కొట్టేద్దామనుకున్నాడా?

ఏడో నంబరు తలుపు మళ్లీ తీశాడు. మోకాళ్ల మీద కూర్చుని డ్రైవర్ సీటు కింద చెయ్యి పెట్టాడు. సీటు జరిగే పట్టాల చివర, బోల్టు తల చుట్టూ, వేలికి మెత్తగా ఏదో తగిలింది. గీకి బయటికి తీశాడు. బూడిద రంగు ఒండు, చిటికెడు. ఎవరూ చూడటం లేదని నిర్ధారించుకుని నాలిక్కి రాసుకున్నాడు. ఉప్పగా ఉంది.

కానీ ఈ దీవుల్లో ఉప్పు లేనిది ఏది? కిటికీ ఊచలు ఉప్పు, సైకిల్ చెయిన్ ఉప్పు, ఇంటి తాళం ఉప్పు. జెట్టీ దగ్గర నడిచిన మనిషి చెప్పులతో తెచ్చిన మట్టి అయినా కావచ్చు. నూకన్నకి ఎటూ తేలలేదు.

పదకొండో నంబరు దగ్గరికి వెళ్లాడు. బూడిద రంగు వ్యాను. ఏదో ఆఫీసులో వాడుకుని పక్కన పెట్టేసింది. ఎడమ వైపు పొడుగునా సొట్ట. ముందు సీటు చిరిగి దూది బయటికొచ్చింది. వెనక సీటు మాత్రం పొడుగ్గా ఉంది. పిల్లని పడుకోబెట్టొచ్చు, పక్కన ఒక మనిషి కూర్చోవచ్చు. ఇలాంటి వ్యానుకి ఇంజను ముందు సీటు కిందే ఉంటుంది. సీటెత్తి చూశాడు. ఆయిల్ వేళ్ల మధ్య రాసి, వాసన చూశాడు. నల్లగా ఉంది గానీ మాడు వాసన లేదు. తాళం తిప్పొద్దన్నారు, చేత్తో తిప్పొద్దనలేదు. బెల్టు పట్టుకుని నెమ్మదిగా లాగాడు. ఇంజను కొంచెం తిరిగింది, బిగుసుకోవాల్సిన చోట బిగుసుకుంది, మళ్లీ వదిలింది. చేతికి అది బాగానే అనిపించింది. చెవికి మాత్రం ఏమీ అందలేదు.

ఆదివారమంతా అతనికి అన్నం సహించలేదు. ముసలమ్మ కంచం ముందు పెట్టి, అతను మెతుకులు కెలకడం చూస్తూ కూర్చుంది.

"ఆ రాజుగాడి మాట నమ్మితే తప్పు, నమ్మకపోతే భయం," అన్నాడు.

"నీ సెయ్యేటి సెప్పింది?"

"సెయ్యి పదకొండే అంది."

"మరింకేటి?"

"బేబీ తెల్లది అడిగింది. రేపు పదకొండు ఆగిపోతే, మంచి బండి వదిలేసి తుక్కు తెచ్చాడు మా నాన్న అంటాది."

"అనదు," అంది ముసలమ్మ. కానీ ఆవిడ గొంతులో కూడా ధైర్యం లేదు.

సోమవారం ఆ స్థలంలో నలభై మంది దాకా చేరారు. రేకుల షెడ్డు కింద బల్ల వేసుకుని కూర్చున్న వేలం మనిషి హిందీలో గబగబా మాట్లాడుతున్నాడు. నూకన్న చేతికి పంతొమ్మిదో నంబరు అట్టముక్క ఇచ్చారు. రెండు లక్షలు దాటకూడదని ఇంట్లో ఒప్పందం. అతని అరచేతి చెమటకి అట్ట అంచు మెత్తబడింది.

ఒకటి నుంచి ఆరు దాకా అరగంటలోపే అయిపోయాయి. ఒక్కో బండికి మూడు నాలుగు నిమిషాలు. ఆలోచించుకునే వ్యవధే లేదు. ఏడో నంబరు అనగానే షెడ్డులో కదలిక వచ్చింది. లక్షా పది దగ్గర పాట మొదలైంది. ముందు వరసలో ఒకాయన, తర్వాత ఇంకొకాయన. లక్షా ఇరవై. లక్షా ఇరవై ఐదు.

అప్పుడు ఎడమ పక్క నుంచి ఒక చెయ్యి లేచింది. బంగారురాజు చెయ్యి. లక్షా ముప్పై.

నూకన్న ముఖంలోకి రక్తం పొంగింది. "దొంగ నా కొడుకు," అన్నాడు పైకే. పక్కనున్నాయన తిరిగి చూశాడు. జోలికెళ్లొద్దన్నవాడు తనే పాడుతున్నాడు. అంటే బండి మంచిదే. తనని మోసం చేశాడు. కూతురు నోరు తెరిచి అడిగిన బండి, కళ్ల ముందే పోతోంది.

"ఏక్ లాఖ్ తీస్... ఏక్..."

నూకన్నకి తెలియకుండానే చెయ్యి పైకి లేచింది.

"ఉన్నీస్ నంబర్, ఏక్ లాఖ్ పైంతీస్!"

లక్షా ముప్పై ఐదు. రాజు చటుక్కున వెనక్కి తిరిగాడు. నూకన్నని చూసి కళ్లు పెద్దవి చేసి, తల అడ్డంగా ఊపాడు. ఊపుతూనే చెయ్యెత్తాడు. లక్షా నలభై. ఇంకొక్కసారి ఎత్తితే? రెండు లక్షల దాకా దారి ఉంది. వేలం మనిషి అతని వైపే చూస్తున్నాడు. "బోలో చాచా?"

నూకన్న చూపుడు వేలిని బొటనవేలితో రాసుకున్నాడు. శనివారం ఆ వేలి మీద ఉన్న ఒండు మెత్తదనం గుర్తొచ్చింది. చెప్పులతో వచ్చిన మట్టి గరుకుగా ఉంటుంది. బోల్టు తల చుట్టూ పేరుకోదు. నీళ్లు నిలిచి, మెల్లగా దిగిపోయిన చోటే అలాంటి ఒండు మిగులుతుంది. మునిగిన పడవ ఇంజను విప్పినప్పుడల్లా చూసేదే. రాజు దొంగ అయినా కాకపోయినా, ఆ ఒండు అబద్ధం కాదు.

చెయ్యి దించి ఒళ్లో పెట్టుకున్నాడు. ఏడో నంబరు రాజుకి వెళ్లిపోయింది.

పదకొండు వచ్చేసరికి సగం మంది టీకి లేచారు. తొంభై వేల దగ్గర మొదలైన పాట, హోటల్ పెట్టుకున్న ఒకాయనతో పోటీ పడి పడి లక్షా అరవై రెండుకి నూకన్న దగ్గర ఆగింది. "తీన్!" అని మూడో లెక్కకి బల్ల మీద కొట్టారు. బండి తనదైంది. సంతోషం రాలేదు. అంత తేలిగ్గా ఎందుకు వదిలేశారు? వాళ్లకి తెలిసింది, తనకి తెలియనిది ఏముంది?

కాయితాల మీద వేలిముద్రలూ సంతకాలూ అయ్యాక గేటు దగ్గర రాజు కాచుకుని ఉన్నాడు. నూకన్న నోరు విప్పేలోపే అతనే మీదికొచ్చాడు.

"ఏటి మావా నీ పని! వద్దన్న బండికి నువ్వే సెయ్యెత్తుతావా? నీ వల్ల నాకు పాట పెరిగిపోనాది."

"మునిగిన బండిని నువ్వెందుకు పాడినావు మరి?"

"విప్పుకోడానికి! తలుపులు, అద్దాలు, సీట్లు, చక్రాలు, అన్నీ అమ్ముకుంటాను. నాకు అది నడవక్కర్నేదు. నువ్వు గుంటని ఎక్కించుకోవాలి. నీ మనవరాలి సంగతి డిగ్నాబాద్‌లో ఎవులికి తెలీదు?" రాజు ఇంకా కోపంగానే ఉన్నాడు. "నాకు పేరు మంచిది కాదని తెలుసు మావా. అలాగని దీంట్లో అబద్ధం సెప్తానా?"

నూకన్నకి తల ఎత్తబుద్ధి కాలేదు. "నిన్ను తిట్టాను రా రాజూ. అందరి ముందూ."

"ఇన్నాను," అన్నాడు రాజు. "టీ ఇప్పించు."

బండి పేరు మారి, కాయితాలు చేతికొచ్చేసరికి పదమూడు రోజులు పట్టింది. ఈలోగా నూకన్న కొత్త బ్యాటరీ వేశాడు, ఆయిల్ మార్చాడు. మొదటిసారి తాళం తిప్పినప్పుడు ఇంజను రెండుసార్లు దగ్గి, మూడోసారి అందుకుంది. కళ్లు మూసుకుని పది నిమిషాలు విన్నాడు. తప్పు దొరకలేదు. దొరకకపోవడం కూడా అతన్ని భయపెట్టింది. ఊళ్లో నాలుగు రోజులు తిప్పి చూశాడు. అన్నీ పొట్టి దూరాలే. డిగ్లీపూర్ మూడు వందల కిలోమీటర్ల పైమాట.

ఒక శుక్రవారం చీకటి విడవకముందే ముసలమ్మతో కలిసి బయల్దేరాడు. జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర బండ్లన్నీ ఆగి ఉన్నాయి. అక్కడి నుంచి జరావా ఆదివాసీల అడవి. బండ్లని గుంపుగా, ముందూ వెనకా పోలీసులతో పంపిస్తారు. దారిలో ఎక్కడా ఆగకూడదు, ఒకర్నొకరు దాటకూడదు, కిటికీ లోంచి ఫోను చూపించకూడదు. వాళ్ల ఇల్లు అది. మనం గబగబా దాటి వెళ్లిపోవాలి. నూకన్న పేర్లు రాయించి వరసలో చేరాడు. ముందు ఒక సర్కారు బస్సు, వెనక సిమెంటు లారీ.

ఆరు గంటలకి గేటు తీశారు. ఇరవై నిమిషాలు బాగానే నడిచింది. రెండు పక్కలా చెట్లు ఆకాశాన్ని మూసేశాయి. ఎత్తు మొదలయ్యాక ముసలమ్మ సీటులో కదిలింది.

"సీటు కాల్తంది."

"ఇంజను కిందే కదా. కాల్తాది."

"అలా కాదు. బాగా కాల్తంది."

నూకన్న ముందున్న గడియారాల వైపు చూశాడు. వేడి చూపించే ముల్లు సగం దాటి ఎర్రగీత వైపు పాకుతోంది. ఆగడానికి లేదు. పక్కకి తియ్యడానికి చోటు లేదు. వెనక లారీ ముక్కు అద్దం నిండా ఉంది. ఇంకా ముప్పై కిలోమీటర్లు.

పడవ ఇంజనుకి చుట్టూ సముద్రమే ఉంటుంది, ఎంత నీళ్లు కావాలంటే అంత. ఈ బండికి ఉన్నవి నాలుగు లీటర్లు. అవి ఎక్కడో కారిపోతున్నాయి. పూర్తిగా కారిపోతే ఇంజను పట్టేస్తుంది. పట్టేస్తే ఈ బండి తుక్కే.

"అద్దాలు దించు," అన్నాడు. తను హీటర్ మీట చివరిదాకా తోశాడు. వేడిగాలి ముఖాల మీదికి కొలిమిలోంచి వచ్చినట్టు కొట్టింది.

"పిచ్చెక్కిందేటి నీకు? ఇప్పటికే కాలిపోతంటే!"

"ఇంజనులో వేడి ఇటు లాగేత్తంది. ఓర్సుకో."

ముసలమ్మ తాగే నీళ్ల సీసాతో చీర కొంగు తడిపి ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఇంకేమీ అడగలేదు. కొంగు చివరతో మధ్య మధ్య అతని మెడ తుడిచింది. ముల్లు ఎర్రగీత ముందు వెంట్రుకవాసిలో ఆగింది. నూకన్న దిగుడు వచ్చినప్పుడల్లా కాలు తీసేస్తూ, ఎత్తు వచ్చినప్పుడు ఒత్తీ ఒత్తనట్టు ఒత్తుతూ నడిపాడు. చూపు ముల్లు మీద, చెవి ఇంజను మీద. చప్పుడు మారితే తెలిసిపోతుంది. మారలేదు. ఒక మలుపులో ముందున్న బస్సు నెమ్మదించినప్పుడు ముల్లు గీతని తాకింది. బస్సు కదిలింది. ముల్లు కాస్త వెనక్కి వచ్చింది. గంట సేపు అలాగే.

అడవి చివర, ఫెర్రీ ఎక్కే మిడిల్ స్ట్రెయిట్ జెట్టీ కనబడగానే బండిని పక్కకి తీసి ఆపేశాడు. ఇంజను చల్లారేదాకా ఆగి, వంగి వెతికాడు. రేడియేటర్ నుంచి వెళ్లే రబ్బరు గొట్టం చివర, క్లిప్పు కింద, వేలెడు పొడుగున చీలిక. చూస్తే కనబడదు, వేడెక్కి నీళ్లు ఒత్తిడి తెచ్చినప్పుడే నోరు తెరుస్తుంది. శనివారం తను తడిమి చూడాల్సింది ఇదే, చూడలేదు.

చీలిన ముక్కని కత్తితో కోసేసి, మిగిలిన గొట్టాన్ని ముందుకి లాగి మళ్లీ క్లిప్పు బిగించాడు. టీ కొట్టు ఆవిడ దగ్గర నీళ్లు అడిగి నింపాడు. పావుగంట ఇంజను నడిపి, గొట్టం మీద అరచెయ్యి పెట్టి కూర్చున్నాడు. చుక్క రాలేదు.

"ఎనక్కి ఎల్లిపోదామా?" అంది ముసలమ్మ.

"ఎనక్కి ఎల్లినా ఆ అడవే కదా," అన్నాడు. వాళ్ల వంతు రాగానే బండిని ఫెర్రీ ఎక్కించాడు.

బారాటాంగ్, రంగత్, మాయాబందర్. ప్రతి అరగంటకీ ఆపి గొట్టం తడిమి చూసుకున్నాడు. ఇంక కారలేదు. పొద్దు వాలుతుండగా డిగ్లీపూర్ దాటారు. బేబీరాణి రోడ్డు మీదికే వచ్చి నిలబడి ఉంది. అమ్మడు తల్లి చెయ్యి విడిపించుకుని బండి చుట్టూ తిరిగి, సొట్టలో అరచెయ్యి పెట్టి చూసింది.

"తాతా, దీనికి దెబ్బ తగిలిందా?"

"తగిలింది అమ్మా. మానిపోనాది."

బేబీరాణి చిరిగిన సీటునీ, రంగు పోయిన తలుపునీ చూసింది. నూకన్న ఆమె ముఖంలోకి చూడలేక చక్రాల వైపు చూశాడు. "తెల్లది నీళ్లలో మునిగిన బండి," అన్నాడు. "అందుకే వదిలేశాను."

"తెలుసు నాన్నా. అమ్మ చెప్పింది." ఆమె వెనక తలుపు జరిపి, పొడుగాటి సీటు మీద కూర్చుంది. తర్వాత వెనక్కి వాలి పడుకుంది. కాసేపు అలాగే ఉండి, కళ్లు తుడుచుకుని లేచింది. "నాకు నేర్పించు."

ఆమె లైసెన్సు ఎప్పుడో పెళ్లికి ముందు తీసుకుంది. తర్వాత స్టీరింగ్ ముట్టలేదు. నూకన్న తొమ్మిది రోజులు ఉండి, ఆస్పత్రి దారిలోనే నేర్పించాడు. ఆమె బండిని కుదుపుతూ, ఆపుతూ, ఎదురుగా ఆవు వస్తే అరుస్తూ నడిపింది. అతను పక్కన కూర్చుని లేని బ్రేకుని కాలితో తొక్కుతూనే ఉన్నాడు. పదో రోజు బస్సెక్కేటప్పుడు కూడా అతనికి నమ్మకం కుదరలేదు. రోజూ పొద్దున్న ఒకసారి ఇంజను స్టార్ట్ చెయ్యమని, గొట్టం చూడమని, నీళ్లు చూడమని మూడుసార్లు చెప్పాడు. ఇంటికొచ్చాక రోజూ ఫోను చేసి అవే అడిగాడు.

నెల దాటాక ఒక మంగళవారం, పదకొండున్నరకి, జెట్టీలో ఒక పడవ ఇంజను విప్పి కూర్చున్నాడు. చేతుల నిండా గ్రీజు. ఫోను మోగింది. బేబీరాణి. ఆమె పగలు ఆ వేళప్పుడు చెయ్యదు. గ్రీజు చేత్తోనే నొక్కాడు.

"నాన్నా, ఆస్పత్రిలో ఉన్నాం."

నూకన్న ఫోనుని చెవికి గట్టిగా అదుముకున్నాడు.

"అమ్మడు బాగానే ఉంది. నిద్రపోతోంది. ఇంజెక్షన్ ఇచ్చారు, ఆగిపోయింది. టైమ్ పే తెచ్చారు అన్నాడు డాక్టర్ సాబ్. పక్కింటి దీదీ వెనక కూర్చుని పట్టుకుంది." ఊపిరి తీసుకుంది. "స్టార్ట్ అయ్యింది నాన్నా. ఒక్క తిప్పుకే, ఏక్ హీ బార్ మే."

"నువ్వే తోలావా?"

"నేనే. చేతులు వణికిపోయాయి. గేరు మార్చడం మర్చిపోయాను. దారంతా రెండో గేరులోనే తోలేశాను. పద్నాలుగు కిలోమీటర్లూ. అరుపులు పెట్టింది ఇంజను పాపం. పాడైపోద్దా?"

నూకన్న మోకాళ్ల మీద తల ఆనించుకున్నాడు. నవ్వు వస్తోందో ఏడుపు వస్తోందో అతనికే తెలియలేదు. పడవ మనిషి దగ్గరికొచ్చి "క్యా హువా చాచా?" అని కంగారుగా అడుగుతున్నాడు.

"పాడవదే," అన్నాడు ఫోనులో. "పాడైతే నేనొచ్చి బాగుసేత్తాను. పిల్ల లేసిందేటో సూడు ముందు."

"ఇంకా లేవలేదు."

"లేసినాక మాట్లాడించు."

ఫోను పెట్టకుండా అలాగే చెవికి ఆనించుకుని కూర్చున్నాడు. అటువైపు ఫ్యాను తిరుగుతున్న చప్పుడు, ఎవరో నర్సు మాట, బేబీరాణి మంచం పక్కకి కుర్చీ లాక్కున్న చప్పుడు వినిపించాయి. పావుగంట గడిచింది. తర్వాత చిన్న గొంతు, నిద్రమత్తులో, "అమ్మా, నీల్లు" అంది. తడబడకుండా, రెండు మాటలూ పూర్తిగా.

నూకన్న చేతులు తుడుచుకోవడానికి గుడ్డ కోసం వెతికాడు.